రెండో క్వార్టర్ ఇంటూ నాలుగు

ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, "మేడం, మీ సర్వీసులో మీరు సాధించిన గొప్ప పని ఒకటి చెప్పండి, మా శిక్షణ పుస్తకంలో వేసుకుంటాం" అని అడుగుతుంటారు. గొప్ప పనుల గురించి చెప్పేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. ఎవరి గొప్పలు వాళ్ల పదవీ విరమణ సభలో శాలువాతో పాటు పంచిపెట్టేశారు. అందుకని నేను చేతులారా చెడగొట్టిన పని ఒకటి చెబుతాను. అది పంట లెక్క కాదు, వాన లెక్క కాదు. బాస్కెట్‌బాల్ లెక్క.

నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పట్లో నేనూ నవ్వాను.

నేను పనిచేసింది పంటల లెక్కలు రాసే ఆఫీసులో. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మూడు చోట్లా కుర్చీలు అరగదీశాను. ఈ కథ జరిగినప్పుడు వాటిలో ఎక్కడున్నానో చెప్పను. చెప్పినా మీకు ఒరిగేదేమీ లేదు, మూడు ఆఫీసుల్లోనూ అదే బీరువా, అదే ఫ్యాను, అదే మాట.

మా ఆఫీసులో మనుషులకు పేర్లుండవు. ఉద్యోగంలో చేరాక మొదటి పంట కోత ప్రయోగం ఏ మండలంలో చేస్తే ఆ ఊరే మన పేరవుతుంది. అలా నేను బచ్చన్నపేట మేడం. నా పక్క కుర్చీ ఆయన కొడకండ్ల సార్. ఆయన సెల్ కలవకపోతే వాళ్లావిడ ఆఫీసుకు ఫోన్ చేసి, "కొడకండ్ల సార్ ఉన్నడా?" అనే అడిగేది.

పంట కోత ప్రయోగమంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. చేనులో ఎక్కడో ఒకచోట ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున తాడు కడతాం. ఆ గుంటలోని పంట మాత్రం కోసి, తూచి, దాన్ని ఎకరానికి హెచ్చవేస్తాం. అలాంటి గుంటలు కొన్ని కలిపి మండలం మొత్తం పంట చెప్పేస్తాం. చేను చేనంతా కోయనక్కర్లేదు. పద్ధతిలో ఏ తప్పూ లేదు, దేశమంతా అదే పద్ధతి. దాన్ని ఎత్తుకెళ్లి ఎక్కడ పెట్టామన్నదే మా తప్పు.

నా రిటైర్మెంటుకు ఇంకా కొన్ని నెలలుందనగా, ఒక కంపెనీవాళ్లు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ లీగ్ ఒకటి మొదలుపెట్టారు. సరదా ఆట కాదు. నెల జీతమిచ్చి ఆడించే ఆట. మూడు జిల్లాలకు మూడు జట్లు. ఫైనల్ జనగామలో, జనగామ జట్టుకూ భూపాలపల్లి జట్టుకూ. ఆటకు ముందు రోజు ఏమైందో ఏమో, క్రీడాకారిణుల లెక్కలు రాయడానికి హైదరాబాద్ నుంచి రావాల్సిన మనుషులు రాలేమన్నారు. లీగ్ వాళ్లు పరుగెత్తుకుని ఒక పెద్ద అధికారి దగ్గరికి పోయి, "సార్, గణాంకాలు రాసేవాళ్లు కావాలి" అన్నారట. ఆయన ఎంతో సంతోషించి, "దానికి మన దగ్గర ఒక ఆఫీసే ఉంది కదా!" అన్నాడట. సాయంత్రానికి మాకు ఉత్తర్వు వచ్చింది.

మా పై అధికారి దాన్ని రెండుసార్లు చదివి, "ఆడపిల్లల ఆట. మహిళా అధికారి పోవాలె. మేడం, మీరు పోండ్రి. తోడుకు కొడకండ్ల సార్‌ను తీస్కపోండ్రి" అన్నాడు.

"సార్, మాకు ఆ ఆట తెలవది సార్" అన్నాను.

"మీరెన్నడన్న పత్తి ఏరిండ్రా మేడం?"

"లేదు సార్."

"మరి ముప్పై ఏండ్ల సంది పత్తి లెక్క రాస్తలేరా?"

ఉత్తర్వు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం జనగామలో, కాలేజీ మైదానం పక్కన సిమెంటు కోర్టు దగ్గర, లీగ్ తరఫున ఒక అమ్మాయి మాకు అరగంట పాఠం చెప్పింది. ఎవరు ఎన్ని పాయింట్లు కొట్టారు, ఎవరు ఎన్ని ఫౌళ్లు చేశారు అన్నవి రిఫరీల బల్ల దగ్గర వాళ్లే రాసుకుంటారు. మిగతావి మావి. బుట్టలో పడకుండా బయటికి వచ్చిన బంతిని ఎవరు పట్టుకున్నారో చూసి ఆమె పేరున రీబౌండ్ రాయాలి. ఎవరిచ్చిన బంతితో ఇంకొకరు పాయింటు కొట్టారో చూసి, ఇచ్చినామెకు అసిస్ట్ రాయాలి. బంతి ఎవరు లాక్కున్నారు, ఎవరు పోగొట్టుకున్నారు, అవీ రాయాలి. పది నిమిషాల క్వార్టర్లు నాలుగు. జట్టుకు పన్నెండు మంది.

చివరగా ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "మేడం, జర పైలంగ, తప్పు పోకుంట రాయుండ్రి. హైదరాబాద్ పెద్ద టీమువాళ్లు ఈ మూడు జట్లల్లకెళ్లి ఇద్దర్నే తీస్కుంటరు. వాళ్లు ఆట చూడరు. ఈ కాగితమే చూస్తరు" అంది.

మేమిద్దరం పెద్దమనుషుల్లా తలలూపాం. తలూపడంలో మాకు మంచి అనుభవం ఉంది.

ఆట నాలుగింటికి మొదలైంది. నిమిషం తిరక్కుండా ముఖ్య అతిథి వచ్చాడు. వచ్చాక ఆయన్ను సన్మానించకుండా ఎలా ఉంటారు? సన్మానం చేసే చోటు సరిగ్గా మా బల్ల ముందే. ఒక శాలువా, ఒక పూలకుండీ, ఒక జ్ఞాపిక, వెనకాల పదిమంది అనుచరులు, వాళ్లను ఫోటో తీసేవాళ్లు ఇంకో పదిమంది. వాళ్ల నడుముల సందుల్లోంచి అప్పుడప్పుడు ఒక బంతి, ఒక మోకాలు కనిపించేవి. ఎవరి మోకాలో తెలియదు. మొదటి క్వార్టర్ అలా గడిచింది.

రెండో క్వార్టర్‌కు జనం సర్దుకున్నారు. అప్పుడు చూడాలి మా పనితనం! నేను చొక్కా మీది నంబరు చూసి చెప్పడం, ఆయన రాయడం. "జనగామ ఐదు, రీబౌండ్!" "అయింది అక్కా." "భూపాలపల్లి తొమ్మిది, బంతి పోగొట్టింది!" "రాసిన." పది నిమిషాలూ రెప్ప వేయలేదు. ఒక్క బంతి మా కంట్లోంచి తప్పించుకోలేదు. నా మొత్తం సర్వీసులో అంత శ్రద్ధగా పనిచేసిన పది నిమిషాలు ఇంకోటి గుర్తు లేదు.

మూడో క్వార్టర్‌కు ముందు ముఖ్య అతిథికి ఎండ తగులుతోందని ఆయన సోఫా తెచ్చి మా ముందు నీడలో వేశారు. తెల్ల టవల్ కప్పిన, నిలువెత్తు వీపున్న సోఫా. "సార్, మాకు అవుపడ్తలేదు" అని కొడకండ్ల సార్ మెల్లగా అంటే, ఒక అనుచరుడు వెనక్కి తిరిగి, "అందరికీ అవుపడాల్నా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

ఇక నాలుగో క్వార్టర్ సంగతి దాచకుండా చెబుతాను. సోఫా ఖాళీ అయింది, ముఖ్య అతిథి ఇంకో సన్మానానికి వెళ్లిపోయాడు. కోర్టు అద్దంలా కనిపిస్తోంది. కాని స్కోరు ఒకటీ రెండు తేడాతో ఊగుతోంది. జనం లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. కొడకండ్ల సార్ కలం కింద పెట్టి రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈలేశాడు. ఆయనకు ఈల వచ్చన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. భూపాలపల్లి మూడు పాయింట్ల తేడాతో గెలిచేదాకా మేము అధికారులమన్న సంగతే మర్చిపోయాం.

అంత గోలలో లీగ్ అమ్మాయి వచ్చి, "మేడం, పావుగంట లోపల షీటు ఇయ్యాలె. పేపరోళ్లు ఎదురుచూస్తున్నరు" అంది.

కాగితం చూసుకున్నాం. నాలుగు గళ్లలో రెండోది నిండుగా ఉంది. మిగతా మూడు తెల్లగా ఉన్నాయి. మా ఆఫీసులో తప్పు అంకె ఉంటే ఎవరూ ఏమీ అనరు. ఖాళీ గడి ఉంటే మాత్రం మెమో వస్తుంది. అందుకే ఖాళీ గడి చూస్తే మాకు చెమటలు పడతాయి.

"పరేషాన్ ఎందుకు అక్కా?" అన్నాడు కొడకండ్ల సార్. "ఐదు మీటర్ల గుంట కోసి మండలం పంట చెప్తలేమా? రెండో క్వార్టర్ మన గుంట. మంచిగ తూచినం. నాలుగుతోని కొట్టు."

మీరు నమ్మరు గాని, ఆ క్షణంలో అది నాకు గొప్ప ఆలోచనలా తోచింది. పాయింట్లు, ఫౌళ్లు రిఫరీల బల్ల నుంచి తెచ్చి రాశాం. అవి వాళ్లు రాయడం మా అదృష్టం. లేకపోతే ఐదు ఫౌళ్లకే బయటికి పంపే ఆటలో ఎనిమిది ఫౌళ్లు చేసి కూడా కొనసాగిన అమ్మాయి ఒకతె పుట్టి ఉండేది. మిగతావన్నీ రెండో క్వార్టర్ ఇంటూ నాలుగు. పై అధికారి అక్కడ లేడు. నేనే సీనియర్‌ను. సంతకం నాది.

జనగామ ఐదో నంబర్ అమ్మాయికి ఐదు నాలుగులు ఇరవై రీబౌండ్లు వచ్చాయి. రెండో క్వార్టర్‌లో మూడే మూడు నిమిషాలు ఆడి బెంచీ మీదికి వెళ్లిపోయిన భూపాలపల్లి పొట్టి అమ్మాయి ఒకతెకు ఎనిమిది వచ్చాయి. వాళ్ల కోచ్ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, తర్వాత ఆ అమ్మాయిని ఇన్నాళ్లూ గుర్తించలేదే అన్నట్టు చూశాడు. మర్నాడు పేపర్లో మా అంకెలన్నీ వచ్చాయి. పై అధికారి కాగితం నకలు తెప్పించుకుని తన బల్ల మీది గాజు పలక కింద పెట్టుకున్నాడు. "ఒక్క గడి ఖాళీ లేదు, చూసిండ్రా!" అని వచ్చినవాళ్లందరికీ చూపించాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి, వాళ్లమ్మ మా ఆఫీసుకు వచ్చారు. అమ్మాయి పొడుగ్గా ఉంది, ద్వారబంధం దగ్గర అలవాటుగా తల వంచింది. రేగొండ నుంచి పరకాలలో ఒక బస్సు, హన్మకొండలో ఒక బస్సు మారి వచ్చారట. అమ్మాయి చేతిలో పేపరు ముక్క ఉంది.

"నేను భూపాలపల్లి పదకొండో నంబర్ మేడం. నాకు రీబౌండ్లు సున్నా అని రాసిండ్రు."

"మేము చూసిందే రాసినం బిడ్డా" అన్నాను. ముప్పై ఏళ్లుగా ఆ మాట అలవాటు, నోరు దానంతట అదే అనేసింది.

"రెండో క్వార్టర్ నేను ఆడలే మేడం. మొదట్లనే రెండు ఫౌళ్లయినయని మా కోచ్ కూసోబెట్టిండు. మిగిలిన మూడూ ఆడిన."

కొడకండ్ల సార్ ఉన్నట్టుండి బీరువాలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

నేను నమూనా పద్ధతి గురించి, అంచనాల గురించి ఆ అమ్మాయికి చెప్పబోయాను. ఒక గుంటలో పంట లేకపోయినా పక్క గుంటలో ఉంటుందని, మొత్తం మీద సరిపోతుందని ఏవో మాటలు. ఆ అమ్మాయి ఓపిగ్గా విన్నది. విన్న తర్వాత పేపరు ముక్క నా ముందు పరిచి, "మేడం, నేను బట్టల దుకాణంల పనిచేస్త. దినమంతా మీటర్లు కొలిచి హెచ్చవేసుడే నా పని. పాయింట్లు, ఫౌళ్లు తీసేస్తే గీ కాగితంల ఉన్న అంకెలన్నీ నాలుగుతోని పోతున్నయ్. నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇరవై. ఇరవై నలుగురు ఆడపిల్లలల్ల ఒక్కదానికి కూడ మూడు రాలేదా, ఐదు రాలేదా?" అంది.

నా జీవితంలో నా లెక్కను అంత శ్రద్ధగా చదివినవాళ్లు ఇంకెవరూ లేరు. పై అధికారులు చదవలేదు, ఆడిట్ వాళ్లు చదవలేదు, నేనూ చదవలేదు. నాకు సిగ్గేసింది.

అప్పుడు వాళ్లమ్మ ముందుకు వచ్చి, "అక్కా, నేను కోర్టు పక్కనే నిలబడ్డ. సెల్‌ల మొత్తం తీసిన. చూస్తవా?" అంది. ఆమెకు ఈ ఆట సంగతి ఏమీ తెలియదు, బిడ్డ సంగతి తెలుసు. దుకాణం యజమాని ఈ ఒక్క లీగ్‌కు సెలవు ఇచ్చాడట. పెద్ద టీములోకి తీసుకుంటే సరే, లేకపోతే ఇక ఆట పేరెత్తి సెలవు అడగొద్దన్నాడట. "ఇదే ఆఖరు మోక అక్కా, మల్ల అవకాశం రాదు. శనివారం నాడు లిస్టు పోతదంట" అంది.

ఆ రోజు మంగళవారం.

ముగ్గురం ఆ చిన్న తెర మీదికి వంగి కూర్చున్నాం. తలుపు దగ్గరికి వేసి కొడకండ్ల సార్ కూడా వచ్చి చేరాడు. ఈసారి శాలువాలు అడ్డం లేవు, సోఫా లేదు. ఆ అమ్మాయి నేల విడిచి లేచేది. రెండు చేతుల మధ్య బంతి ఠక్కున ఆగేది. "ఒకటి" అనేది వాళ్లమ్మ. చివరి నిమిషంలో ఇద్దరు పెద్ద పిల్లల మధ్యలోంచి లాగి తెచ్చిన బంతితోనే వాళ్లు గెలిచారు. నేను ఈలలు వింటూ చప్పట్లు కొట్టింది ఆ బంతికే. ఎవరు పట్టారో మాత్రం చూడలేదు. మొత్తం లెక్కపెడితే పదిహేను వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాం. పదిహేనే.

"అయితే మొత్తం షీటు దిద్దుదాం అక్కా, వీడియో ఉంది కదా" అన్నాడు కొడకండ్ల సార్ హుషారుగా. మొదటి నుంచి పెట్టాం. రెండు నిమిషాల్లో సంగతి అర్థమైంది. ఆ వీడియోలో ఉన్నది ఆట కాదు. ఆ తల్లి బిడ్డ. బంతి ఎటు పోయినా సెల్ మాత్రం పదకొండో నంబర్ వెంటే పోయింది. రెండో క్వార్టర్ పది నిమిషాలూ బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగుతున్న పదకొండో నంబరే ఉంది. మిగతా ఇరవై ముగ్గురు ఏం చేశారో దేవుడికి తెలియాలి.

పై అధికారి దగ్గరికి పోయాను. సంగతంతా చెప్పాను. ఆయన చాలాసేపు గాజు పలక కిందికి చూశాడు.

"తప్పు అని రాయొద్దు మేడం. మన ఫైళ్లల్ల ఆ మాట లేదు. సవరించిన అంచనా అని రాయుండ్రి. పదకొండుకు పదిహేను పెట్టుండ్రి."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "సరే సార్" అని లేచాను.

"ఆగుండ్రి. టీము మొత్తం ఎంత ఉంది?"

"నలభై సార్."

"అది పేపర్ల వచ్చింది. అది మారొద్దు. మిగిలినోళ్ల దగ్గర పదిహేను తగ్గించుండ్రి."

"ఎవరి దగ్గర తగ్గించాలె సార్?"

"అందరి దగ్గర జర జర. ఎవ్వరికీ నొప్పి తెల్వకుండ."

ఆయన చెడ్డవాడు కాదు. వాన లెక్క అయినా, గొర్రెల లెక్క అయినా ఆయన అలాగే సర్దేవాడు. నేనూ అలా ఎన్ని సర్దానో చెప్పడం మొదలుపెడితే ఈ వ్యాసం పుస్తకమవుతుంది. గొర్రెలు వచ్చి ఎన్నడూ అడగలేదు. ఆ రోజు బయట బెంచీ మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఆమెకిచ్చే పదిహేను కోసం ఇంకో పదిమంది చేతుల్లోంచి, వాళ్లకు తెలియకుండా, బంతులు లాక్కోమంటున్నాడు. నా వల్ల కాలేదు.

బయటికి వచ్చి ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. "నీదొక్కటే దిద్దితే మిగిలినోళ్లవి అబద్ధాలుగనే ఉంటయి. కాగితం మొత్తం తప్పని రాస్తే నీ పదిహేను కూడ పోతయి. ఏం చెయ్యాలె బిడ్డా?"

అడగకూడని ప్రశ్న. తప్పు చేసింది నేను, దారి ఆమెను చూపించమంటున్నాను. ఆ అమ్మాయి వాళ్లమ్మను చూసింది, నేల చూసింది. "తప్పయితే తప్పని రాయుండ్రి మేడం. పొట్టిదానికి ఎనిమిది వచ్చినయంటే మా టీము హాస్టల్ల అందరు నవ్విండ్రు. అది రెండు రోజులు అన్నం తినలే" అంది.

ఆ సాయంత్రమే లీగ్ వాళ్లకూ, హైదరాబాద్ టీముకూ ఉత్తరం రాశాను. సవరణ అనలేదు, అంచనా అనలేదు. నేను సంతకం చేసిన కాగితం తప్పు, నాలుగింట మూడు వంతుల ఆట చూడకుండానే రాశాం, దాన్ని బట్టి ఎవరినీ తీసుకోవద్దు, ఎవరినీ వదిలేయొద్దు అని రాశాను. కొడకండ్ల సార్ అది చదివి, కాసేపు తల గోక్కుని, నా సంతకం కింద తన సంతకం కూడా పెట్టాడు. నేను అడగలేదు. ఇద్దరికీ చెరో మెమో వచ్చింది. ఆఫీసు పరువు తీశామని అందులో ఉంది. పరువు ఎంత ఉండేదో, ఎంత పోయిందో అంకెల్లో ఇవ్వలేదు.

హైదరాబాద్ టీము మేనేజరు శుక్రవారం ఫోన్ చేశాడు. "మేడం, మేము రాసిందే తప్పు అని ఉత్తరం రాసిన ఆఫీసును ఇప్పుడే చూస్తున్న" అన్నాడు. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో తెలియలేదు. ఆదివారం పొద్దున మహబూబాబాద్‌లో మూడు జట్ల పిల్లల్ని కలిపి ఒక ఆట ఆడిస్తారట. తనే వచ్చి కళ్లతో చూస్తాడట. "లెక్క మాత్రం మీరే రాయాలె. ఇప్పుడు మీకన్న పైలంగ ఎవ్వరు రాయరు" అన్నాడు.

పదకొండో నంబర్‌కు ఫోన్ చేసి చెబితే, "కండ్ల ముందర ఆడితే ఇంకేం కావాలె మేడం!" అని గట్టిగా నవ్వింది.

ఆదివారం ముఖ్య అతిథులు లేరు. మా బల్ల ముందు ఎవరూ నిలబడకుండా కొడకండ్ల సార్ ముందే తాడు కట్టాడు, పంట కోతకు కట్టినట్టే. నాలుగు క్వార్టర్లూ రెప్ప వేయకుండా చూశాను. చూశాను కాబట్టే చెబుతున్నాను, ఆ రోజు పదకొండో నంబర్ బాగా ఆడలేదు. లీగ్ అయిపోగానే దుకాణం సెలవూ అయిపోయింది. శనివారం పొద్దుటి నుంచి కౌంటర్ వెనక నిలబడి, ఆదివారం తెల్లారక ముందే బస్సెక్కి వచ్చింది. లేవాల్సినప్పుడు అర క్షణం ఆలస్యంగా లేచేది. బంతి ఆ అర క్షణంలో ఇంకొకరి చేతుల్లో ఉండేది. చాలాసార్లు జనగామ ఐదో నంబర్ చేతుల్లో. ఆ పిల్లకు ఇరవై అని మేము దొంగ లెక్క రాశాం గాని, ఆమె నిజంగానే మంచి ఆటగత్తె.

నాలుగో క్వార్టర్ చివర ఒక బంతి దగ్గర రెండు జతల చేతులు లేచాయి. పదకొండు, ఐదు. బంతి ఎటో తిరిగి ఐదో నంబర్ ఒళ్లోకి వచ్చింది. కొడకండ్ల సార్ కలం ఆపి నన్ను చూశాడు.

"పదకొండు" అన్నాను.

ఆయన రాశాడు. ముప్పై ఏళ్ల అలవాటు. కాని ఈసారి నేను అలవాటుతో అనలేదు, కావాలనే అన్నాను. ఆ పిల్లకు చేసిన అన్యాయం ఒక్క గీతతోనైనా తగ్గుతుందనుకున్నాను.

ఆట అయ్యాక ఆమె చెమట తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. "ఎన్ని మేడం?"

"ఆరు బిడ్డా."

కాగితం వైపు చూడలేదు, నా మొహం చూసింది. "ఐదే మేడం. ఆఖరిది దానిది. నా వేళ్లకు తాకింది, అంతే." బల్ల మీది కలం తీసి కొడకండ్ల సార్ చేతికిచ్చింది. "దిద్దుండ్రి సార్."

దిద్దాం. ఇద్దరిని తీసుకున్నారు. ఒకరు జనగామ ఐదో నంబర్, ఇంకొకరు మహబూబాబాద్ అమ్మాయి. ఇద్దరూ తగినవాళ్లే, నాలుగు క్వార్టర్లూ నేను చూశాను. ఇలాంటప్పుడు న్యాయం గెలిచిందని రాసి ముగించే పెద్దలున్నారు. నేను అలా రాయలేను. ఆదివారం ఆట న్యాయంగానే జరిగింది. కాని పదకొండో నంబర్ పిల్ల ఆట ఫైనల్ రోజున ఉంది, ఆ రోజు సెలవు ఉంది, కాళ్లలో బలం ఉంది. ఆ రోజు చూడాల్సిన కళ్లు నావి. తర్వాత ఎన్ని ఉత్తరాలు రాసినా ఆ సాయంత్రాన్ని మళ్లీ తెచ్చి ఆమెకు ఇవ్వలేకపోయాను.

బస్టాండులో తల్లీబిడ్డలతో పాటు నిలబడ్డాను. నీళ్ల సీసా కొనిచ్చాను. కొంతసేపటికి ఆ అమ్మాయే, "మేడం, ఒకటి రాసిస్తరా? లీగ్‌కు కాదు. ఫైనల్ నాడు నేను పదిహేను పట్టిన కదా, గది రాసి ఇయ్యుండ్రి. నా దగ్గర ఉంచుకుంట" అంది.

సంచిలోంచి తెల్ల కాగితం తీసి, బస్టాండు బెంచీ మీద పెట్టి రాశాను. భూపాలపల్లి జట్టు పదకొండో నంబర్ క్రీడాకారిణి జనగామ ఫైనల్‌లో పదిహేను రీబౌండ్లు పట్టిందని, వీడియోలో రెండుసార్లు లెక్కపెట్టామని రాశాను. ఆ తర్వాత, ధ్రువపత్రాల్లో రాసే అలవాటు కొద్దీ, 'నా సమక్షంలో' అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆ రెండు మాటలు కొట్టేసి, కింద ఇలా రాశాను: "ఆట జరుగుతున్నప్పుడు నేను పది అడుగుల దూరంలోనే ఉన్నాను. చూడలేదు." సంతకం పెట్టి, సంచిలో ఉన్న ఆఫీసు ముద్ర వేశాను.

ఆమె చదివింది. వాళ్లమ్మకు మెల్లగా చదివి వినిపించింది. హన్మకొండ బస్సు వచ్చింది. కాగితం మడిచి, చెమట తగలకుండా బ్యాగు లోపలి అరలో పెట్టుకుని, "పోతం మేడం. రేపు తొమ్మిదింటికి దుకాణం తెరుస్తరు" అంది.